పొటరూలు, బెట్టాంగ్‌లు: పగలు నేల చదవడం, రాత్రి జంతువును పోల్చుకోవడం

పొటరూని చూడాలని ఆస్ట్రేలియా అడవికి వెళ్లి, రాత్రంతా టార్చి తిప్పి, ఏమీ కనపడక ఇంటికొచ్చేవాళ్లు చాలామంది. వాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటే, పగటిపూట నేల చూడరు. పొటరూ కంగారూకి దగ్గరి బంధువు, కిలో, కిలోన్నర బరువుండే పిరికి జంతువు. పొద అంచున అరనిమిషం కనపడి మాయమవుతుంది. అది తవ్విన గుంత మాత్రం రోజుల తరబడి అక్కడే ఉంటుంది. తాజా గుంతలు ఎక్కడున్నాయో పగలే చూసిపెట్టుకుంటే, రాత్రి ఎక్కడ కూర్చోవాలో తెలుస్తుంది.

ఆస్ట్రేలియాలో ఉంటున్న, లేదా అక్కడికి చుట్టపుచూపుగా వెళ్లే తెలుగువాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం. పరికరాలు తక్కువే చాలు, ఓపిక ఎక్కువ కావాలి.

ముందు పేర్లు తేల్చుకుందాం

ఇంగ్లీషులో వీటన్నిటినీ కలిపి ర్యాట్ కంగారూలు అంటారు. చూడ్డానికి పెద్ద ఎలుకలా ఉన్నా ఎలుకతో చుట్టరికం లేదు. పొట్ట దగ్గర సంచి ఉండి అందులో పిల్లని పెంచే జంతువులివి, కంగారూలకి దగ్గరి బంధువులు. కంగారూ ర్యాట్ అని తిరగేసి వెతికితే అమెరికా ఎడారుల్లో ఉండే ఎలుక జాతి వస్తుంది. దానికీ వీటికీ సంబంధం లేదు.

ప్రస్తుతం బతికున్నవి మూడు రకాలనుకోండి. మొదటివి పొటరూలు. ముక్కు పొడుగు, దట్టమైన పొదల్లో ఉంటాయి. రెండోవి బెట్టాంగ్‌లు. ముక్కు పొట్టి, తోక పొడుగు, కాస్త తెరిపిగా ఉండే అడవి ఇష్టం. పశ్చిమ ఆస్ట్రేలియాలో వాయిలీ అనేదీ, నేలలో బొరియలు తవ్వుకుని కాపురముండే బూడీ అనేదీ ఈ రెండో రకంలోవే. మూడోది మస్కీ ర్యాట్ కంగారూ. ఈశాన్య క్వీన్స్‌లాండ్ వర్షారణ్యాల్లో మాత్రమే ఉంటుంది, అరకిలో బరువు, పగలు తిరుగుతుంది. దీన్ని చూసే పద్ధతే వేరు కాబట్టి విడిగా చెప్తాం.

పెర్త్ పక్కన రాట్‌నెస్ట్ దీవిలో సెల్ఫీలు దిగే క్వోకా వీటిలోకి రాదు. అది వాలబీ, అంటే చిన్న కంగారూ రకం. 1696లో అక్కడ దిగిన డచ్చి నావికులు దాన్ని ఎలుకనుకున్నారు, దీవికి ఆ పేరు అందుకే వచ్చింది.

మొదటి అడుగు: చోటు ఎంచుకోవడం

కొత్తవాళ్లు నేరుగా అడవికి పోవద్దని మా సలహా. ముందు ఒకసారి కంచె వేసి కాపాడుతున్న చోటుకి వెళ్లి, జంతువు నడక, తోక, ముఖం కళ్లారా చూడండి. ఒక్కసారి చూస్తే కన్నుకి పడే అలవాటు పది పుస్తకాలు తిరగేసినా రాదు.

మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్, ట్రుగనీనాల్లో ఉండే తెలుగు కుటుంబాలకి ఇది చాలా దగ్గర. జీలాంగ్ దారిలో లిటిల్ రివర్ దగ్గర మౌంట్ రాత్‌వెల్ అనే కంచె వేసిన అభయారణ్యం ఉంది. నక్కలు, పిల్లులు లేని ఆ ఆవరణలో ఈస్టర్న్ బెట్టాంగ్, పొడుగుముక్కు పొటరూ రెండూ ఉన్నాయి. రాత్రి యాత్రకి ముందుగా బుక్ చేసుకోవాలి. కాన్‌బెరాలో మలిగన్స్ ఫ్లాట్ ఉంది. ఈస్టర్న్ బెట్టాంగ్ ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో 1920ల నాటికే అంతరించిపోయి టాస్మేనియాలో మాత్రమే మిగిలింది. అక్కణ్నుంచి తెచ్చి 2012లో మలిగన్స్ ఫ్లాట్‌లో వదిలారు, అవి అక్కడ స్థిరపడ్డాయి. పెర్త్ వాళ్లకి ఆగ్నేయంగా రెండు గంటల దూరంలో డ్రయాండ్రా ఉంది. అక్కడి బార్నా మియా ఆవరణలో ఎర్ర టార్చి చేతికిచ్చి వాయిలీ, బూడీలని చూపిస్తారు. ఆవరణ బయట డ్రయాండ్రా అడవిలో వాయిలీలు స్వేచ్ఛగానూ తిరుగుతాయి. రెండూ ఒకే రాత్రి చూడొచ్చు.

కంచె లేని చోట్లలో న్యూ సౌత్ వేల్స్‌లోని బారెన్ గ్రౌండ్స్, విక్టోరియాలోని ఫ్రెంచ్ ఐలాండ్ పొడుగుముక్కు పొటరూకి మంచివి. ఫ్రెంచ్ ఐలాండ్‌లో నక్కలు లేవు, అందుకే అక్కడ నిలదొక్కుకుంది. టాస్మేనియాలో పొటరూ, బెట్టాంగ్ రెండూ ఉన్నాయి. బెట్టాంగ్‌కైతే తూర్పు సగంలోని పొడి యూకలిప్టస్ అడవులు చూడండి.

ఒక చోటుకి మాత్రం వెళ్లొద్దు. గిల్బర్ట్ పొటరూ వందేళ్లకి పైగా కనపడక అంతరించిందనుకున్న జంతువు. 1994లో ఆల్బనీ దగ్గర టూ పీపుల్స్ బేలో మళ్లీ దొరికింది. 2015లో ఒక్క కార్చిచ్చు దాని ఆవాసంలో చాలా భాగాన్ని కాల్చేసింది. అప్పటికే కొన్నిటిని బాల్డ్ ఐలాండ్‌కి తరలించి ఉండబట్టి జాతి గట్టెక్కింది. మిగిలినవి బహు కొద్ది. వాటి వెంట మనం పడకూడదు.

రెండో అడుగు: రోజు, సమయం

ఆస్ట్రేలియా దక్షిణ భాగంలో శరత్కాలం, చలికాలం తొలి నెలలు, అంటే ఏప్రిల్ నుంచి జూలై దాకా, అన్నిటికన్నా అనుకూలం. వానలు పడి నేల మెత్తబడుతుంది, నేలలోపలి పుట్టగొడుగులు ఎక్కువగా ఊరుతాయి, వీటి తవ్వకం పెరుగుతుంది. పాముల బెడదా తగ్గుతుంది. వాన కురిసి వెలిసిన మర్నాడు పగలు చూస్తే పాత గుంతేదో కొత్త గుంతేదో ఇట్టే తెలుస్తుంది. వాన దెబ్బకి పాతవాటి అంచులు కరిగిపోయి ఉంటాయి.

పంచాంగం చూసుకుని అమావాస్యకి అటూ ఇటూ నాలుగైదు రోజుల్లో పెట్టుకోండి. వెన్నెల బాగా ఉంటే ఇవి పొద మరుగు వదిలి రావడానికి జంకుతాయి. గాలి గట్టిగా వీచే రాత్రి మానేయండి. గాలిహోరులో దేన్నీ వినలేక అవి బయటికి రావు, వాటి అలికిడి మీకూ వినపడదు. పొద్దుగూకిన అరగంటకల్లా మీ చోట్లో కూర్చుని ఉండాలి. తొలి రెండు గంటలే విలువైనవి.

మూడో అడుగు: సరంజామా

తలకి కట్టుకునే టార్చి, దానికి ఎర్ర వెలుగు ఉండాలి. లేకపోతే ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు పొరలు వేసి రబ్బరు బ్యాండ్ బిగించండి. 8×42 బైనాక్యులర్ చాలు. పదో పన్నెండో రెట్లు పెంచేది తీసుకుంటే చీకట్లో బొమ్మ మసకబారుతుంది, చెయ్యి వణుకు పెద్దగా కనపడుతుంది. గుంత పక్కన పెట్టి ఫొటో తీయడానికి 15 సెం.మీ. స్కేలు. కూర్చోడానికి చాప ముక్క. గరగరలాడే రెయిన్‌కోటు, వెల్‌క్రో జేబులు, చాక్లెట్ కాగితాలు వద్దు. ఈ జంతువులు ముందు చెవితో పట్టేస్తాయి.

బూట్లు కడుక్కుని వెళ్లడం మర్యాద కోసం కాదు. ఫైటాఫ్తోరా అనే శిలీంధ్రంలాంటి తెగులు బూటు అడుగున అంటిన మట్టిలో ప్రయాణించి, పశ్చిమ ఆస్ట్రేలియా అడవుల్లో పొదలకి పొదలు ఎండగట్టేస్తుంది. పొద పోతే పొటరూ ఉండదు. ముందు బ్రష్‌తో మట్టి పూర్తిగా రాల్చి, తర్వాత 70 శాతం మిథిలేటెడ్ స్పిరిట్ చల్లి, ఆరనివ్వండి. మట్టి రాల్చకుండా స్పిరిట్ చల్లితే లాభం లేదు, అది ముద్ద లోపలికి వెళ్లదు. ఒక అడవి నుంచి ఇంకో అడవికి మారిన ప్రతిసారీ ఈ పని చేయాలి.

తూర్పు తీరంలో జలగలు, పక్షవాతం తెప్పించే గోమార్లు (టిక్‌లు) ఉంటాయి. ప్యాంటు సాక్సులో దోపుకోండి, తిరిగొచ్చాక ఒళ్లంతా చూసుకోండి.

నాలుగో అడుగు: గుంత చదవడం

అసలు పని ఇక్కడే ఉంది. తొందరపడకండి.

వీటి ప్రధానాహారం నేలలో ఊరే ట్రఫుల్ జాతి పుట్టగొడుగులు. తూర్పు విక్టోరియాలో ఉండే పొడుగుపాదం పొటరూ తిండిలో 80 శాతానికి పైగా అవే. పైకి ఏమీ కనపడదు, వాసన పట్టి సూటిగా తవ్వుతాయి. అందుకే గుంత గరాటా ఆకారంలో, నోరు వెడల్పుగా, అడుగు సన్నగా ఉంటుంది. లోతు సాధారణంగా బెత్తెడు, మహా అయితే 15 సెం.మీ. తవ్విన మట్టి ఒక పక్కకే కుప్పగా పడి ఉంటుంది. ముంగాళ్లతో తవ్వి వెనక్కి నెట్టేస్తుంది కాబట్టి కుప్ప ఎటుంటే అటు దాని వెనకభాగం ఉన్నట్టు.

మోకాళ్ల మీద కూర్చుని ఒక గుంత దగ్గరగా చూడండి. కుప్ప మీద మట్టి లోపలి రంగులో తడిగా ఉందా, పైపొర ఆరి తెల్లబడిందా? కుప్ప మీద ఆకు రాలిందా? గోడ మీద గోళ్ల గీతలు సన్నగా, నిలువుగా ఉన్నాయా? అడుగున సన్నని వేళ్లు తెగి, తెగిన చోట ఇంకా తెల్లగా ఉన్నాయా? తడి మట్టి, ఆకు రాలని కుప్ప, తెల్లగా తెగిన వేరు, మూడూ ఉంటే అది నిన్న రాత్రిదే. అంచు గుండ్రబడి, అడుగున ఆకులు చేరి, సాలీడు గూడు కట్టి ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేయండి. పాత గుంతలు వందున్నా రాత్రికి పనికిరావు. తాజావి పది అడుగుల్లో ఐదారు ఉంటే అక్కడే కూర్చోవచ్చు.

స్కేలు పక్కన పెట్టి పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటో తీయండి. గుంతలో చెయ్యి పెట్టి కెలకొద్దు, ట్రఫుల్ కోసం మీరు తవ్వొద్దు.

గుంత తవ్వే ఇతర జంతువులున్నాయి, అక్కడే చాలామంది దారి తప్పుతారు. ఒంటి నిండా ముళ్లుండే ఎకిడ్నా తవ్వింది గజిబిజిగా, వెడల్పుగా, చీమల పుట్ట దగ్గరో కుళ్లిన దుంగ పక్కనో ఉంటుంది. అడుగున దాని ముక్కు దిగిన సన్నని రంధ్రం ఉండొచ్చు. కుందేలు గీరింది లోతు లేకుండా ఉంటుంది, చుట్టూ గుండ్రని పెంటికలు పడి ఉంటాయి. లైర్‌బర్డ్ అనే పెద్ద పక్షి ఆకుచెత్తంతా పెద్ద చీపురుతో ఊడ్చినట్టు చేస్తుంది, గరాటా గుంతలు ఉండవు. అసలు చిక్కు బాండికూట్ అనే పొడుగుముక్కు సంచి జంతువుతోనే. అదీ గరాటా గుంతే తవ్వుతుంది. ఒక్క గుంతని చూసి ఇది పొటరూదే, బాండికూట్‌ది కాదు అని ఒట్టేసి చెప్పలేం. అలా చెప్పేవాళ్లని నమ్మొద్దు. గుంత మీకు కూర్చునే చోటు చెప్తుంది, జంతువు పేరు కళ్లతో చూశాకే.

గుంతలతో పాటు దారులు వెతకండి. పొటరూ రోజూ ఒకే బాటన తిరిగి, గడ్డిలో, ఫెర్న్ పొదల కింద సొరంగంలాంటి దారి చేస్తుంది. పిడికిలి పట్టేంత ఎత్తులో గడ్డి వంగి, నేల నునుపుగా ఉంటే అదే. ఆ దారి తెరిపిలోకి తెరుచుకునే నోరు దగ్గర తాజా గుంతలుంటే అంతకన్నా మంచి చోటు లేదు. బెట్టాంగ్ ఉండే అడవిలో గడ్డి కుచ్చు మొదట్లో, పడిపోయిన కొమ్మ పక్కన, గడ్డీ బెరడూ పేర్చిన గుండ్రని గూడు కనపడొచ్చు. ఆ గడ్డిని తోకతో చుట్టి పట్టుకుని మోసుకొస్తుంది. పగలు అందులో జంతువు పడుకుని ఉంటుంది కాబట్టి చూసిన వెంటనే వెనక్కి వచ్చేయండి. లేచి పరిగెత్తితే పట్టపగలు గద్దకో నక్కకో దొరికిపోతుంది.

ఈ తవ్వకం అడవికి దున్నకం లాంటిది. ఒక వాయిలీ ఏడాదికి 4.8 టన్నుల దాకా మట్టి తిరగేస్తుందని లెక్కగట్టారు. గుంతల్లో నీరింకుతుంది, ఆకు చేరి కుళ్లుతుంది, గింజ మొలుస్తుంది. తిన్న పుట్టగొడుగు బీజాలు పెంటికలో చెడకుండా బయటపడి, కొత్త యూకలిప్టస్ వేళ్లని అంటుకుని వాటికి నీరూ పోషకాలూ అందిస్తాయి. అందుకే గుంత మీద కాలు పెట్టకుండా దాటి నడవండి.

ఐదో అడుగు: రాత్రి కూర్చోవడం

తాజా గుంతలకి 10 నుంచి 15 మీటర్ల దూరంలో, గాలి వాటి వైపు నుంచి మీ వైపు వచ్చేలా కూర్చోండి. పిడికెడు ఎండుగడ్డి పొడి వదిలితే గాలి ఎటో తెలిసిపోతుంది. వెనక చెట్టు బోదె ఉండాలి, ఆకాశం మీద మీ నీడ గీసినట్టు కనపడకూడదు. మొదటి ఇరవై నిమిషాలు టార్చి వెలిగించొద్దు. చెవి పెట్టండి. ఆకుల్లో చిన్నగా గీకిన చప్పుడు, ఆగడం, మళ్లీ గీకిన చప్పుడు వస్తే తవ్వుతోందన్నమాట. అప్పుడు ఎర్ర వెలుగుని ముందు నేల మీద వేసి, నెమ్మదిగా దాని వైపు జరపండి. నేరుగా కళ్లలో కొట్టొద్దు.

రెండు మూడు నిమిషాలు చూసి వెలుగు తిప్పేయండి. మళ్లీ తిరిగి తిండిలో పడితే ఇంకోసారి చూడొచ్చు. తల ఎత్తి కదలకుండా నిలబడిందంటే మీరు ఎక్కువ చేశారని అర్థం.

వెంటపడటం మాత్రం చేయకండి. దీనికి గట్టి కారణముంది. బాగా బెదిరిన తల్లి సంచిలోంచి పిల్ల జారిపోతుంది, వాయిలీల్లో ఇది బాగా తెలిసిన విషయం. తల్లి బతుకుతుంది, చలిలో పడ్డ పిల్ల చచ్చిపోతుంది. మంచి ఫొటో కోసం నాలుగడుగులు పరిగెత్తినందుకు అంత నష్టం.

తిండి పెట్టొద్దు. రొట్టె, బిస్కట్ అలవాటైతే క్యాంపుల చుట్టూ, రోడ్ల మీద తిరిగి బండ్ల కింద పడతాయి. క్వీన్స్‌లాండ్‌లో రూఫస్ బెట్టాంగ్ మూడు కిలోల బరువుంటుంది, మనిషికి పెద్దగా భయపడదు, క్యాంపుల్లోకి దానంతటదే వస్తుంది. దానికైనా అంతే.

ఆరో అడుగు: పోల్చుకోవడం

ముందు పందికొక్కు సంగతి. బాండికూట్ అనే ఇంగ్లీషు మాట మన తెలుగు పందికొక్కు నుంచి పుట్టిందే. మన దేశంలో గాదెల కింద తవ్వే పెద్ద ఎలుక పేరు, ఓడలెక్కి వెళ్లి, ఆస్ట్రేలియాలో పొడుగుముక్కు సంచి జంతువుకి అంటుకుంది. అది ఎలుకా కాదు, పొటరూ కూడా కాదు. పెర్త్ పెరళ్లలోకి వచ్చే క్వెండా ఈ బాండికూటే. పెరట్లో వాయిలీ చూశామనేవాళ్లు దాదాపు అందరూ క్వెండానే చూసి ఉంటారు.

తేడా తోకలో ఉంది. బాండికూట్ తోక పొట్టి, సన్నం, చాలాసార్లు సగం తెగి ఉంటుంది. పొటరూ తోక మొదట్లో లావుగా ఉండి క్రమంగా సన్నబడుతుంది, ఒళ్లంత పొడుగులో మూడింట రెండొంతులు ఉంటుంది, కొన్నిటికి కొస తెల్లగా ఉంటుంది. పొటరూకి దవడలు ఉబ్బెత్తుగా, ముఖం గుండ్రంగా మొదలై ముక్కు దగ్గర సాగుతుంది. బాండికూట్ తల మొత్తం మేకులా కూసుగా ఉంటుంది. బాండికూట్ జుట్టు ముతక, పొటరూది మెత్తన. బెదిరినప్పుడు చూడండి, బాండికూట్ నాలుగు కాళ్ల మీద దౌడు తీస్తుంది. పొటరూ తీరిగ్గా తినేటప్పుడు నాలుగు కాళ్ల మీదే కదిలినా, పారిపోయేటప్పుడు ముంగాళ్లు రొమ్ముకి అదుముకుని వెనక కాళ్ల మీద గెంతుతుంది.

పొటరూనా బెట్టాంగా అన్నది తేల్చాలంటే ముక్కు, తోక కలిపి చూడండి. బెట్టాంగ్ ముక్కు పొట్టి, తోక దాదాపు ఒళ్లంత పొడుగు. గెంతేటప్పుడు తల కిందికి, వీపు విల్లులా, తోక వెనక్కి చాచి పోతుంది. వాయిలీకి తోక చివరి భాగం మీద నల్లని కుచ్చు ఉంటుంది, లేచి పరిగెత్తినప్పుడు అదే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. క్వీన్స్‌లాండ్‌లో లాంబ్ రేంజ్ దగ్గర నార్తర్న్ బెట్టాంగ్, రూఫస్ బెట్టాంగ్ రెండూ ఉంటాయి. తోక కొసన నల్ల కుచ్చు ఉంటే నార్తర్న్, కుచ్చు లేకుండా ఒళ్లు ఎర్రగా, వీపున వెండి వెంట్రుకలు మెరిస్తే రూఫస్.

పొడుగుముక్కు పొటరూకీ పొడుగుపాదం పొటరూకీ తేడా మాత్రం కంటితో అంత సులువు కాదు. పొడుగుపాదం దానికి వెనక పాదం తలకన్నా పొడుగు, రెండోదానికి తలకన్నా పొట్టి. పక్కనుంచి తీసిన ఫొటోలో పాదం, తల రెండూ పూర్తిగా ఉంటేనే కొలవండి. లేదంటే పొటరూ అని రాసి ఊరుకోవడం నిజాయితీ. పొడుగుపాదం జాతిని వేరుగా గుర్తించి పేరు పెట్టిందే 1980లో, అంతకు ముందు అది మరో పొటరూ అనే అనుకున్నారు.

కెమెరా పెట్టేవాళ్లకి

జంతువు ముందుకొస్తే తనంతట తానే ఫొటో తీసే కెమెరాని సొంత స్థలంలోనో, యజమాని ఒప్పుకున్న స్థలంలోనో పెట్టుకోండి. జాతీయ ఉద్యానంలో పెట్టాలంటే అనుమతి తీసుకోవాల్సిందే. బోను పెట్టి పట్టడం లైసెన్సు, జంతు సంక్షేమ అనుమతి ఉన్నవాళ్ల పని, మనది కాదు.

కెమెరాని నేల నుంచి 30 సెం.మీ. ఎత్తులో, ఎరకి రెండు మీటర్ల దూరంలో కట్టండి. మీటరు దూరంలో పెడితే రాత్రి ఫ్లాష్‌కి జంతువు తెల్లటి ముద్దలా పడుతుంది, తోక కొస తెలుపో కాదో చెప్పలేరు. మన ఇండియాలో అలవాటైనవాళ్లు దిక్కు విషయంలో తప్పు చేస్తారు. దక్షిణార్ధగోళంలో సూర్యుడు ఉత్తరం వైపు వంగి ఉంటాడు, కాబట్టి కెమెరా ముఖం దక్షిణానికి ఉండాలి. ఉత్తరానికి పెడితే పగలల్లా ఎండ కొట్టి ఉత్త ఫొటోలతో కార్డు నిండిపోతుంది. తూర్పు, పడమరా అంతే. కెమెరాకి, ఎరకి మధ్య గడ్డి, ఫెర్న్ ఆకులు పక్కకి వంచి కట్టండి, గాలికి ఊగే ఒక్క ఆకు చాలు వెయ్యి ఫొటోలు తీయించడానికి. కోసెయ్యకండి, పని అయ్యాక విప్పేయండి.

ఎరకి రెండు కప్పుల ఓట్స్, అరకప్పు పీనట్ బటర్ కలిపి నిమ్మకాయంత ఉండలు చేయండి. పీనట్ బటర్‌లో ఉప్పు, చక్కెర లేనిది చూసుకోండి. తేనె వద్దు, దానివల్ల తేనెటీగల రోగాలు పాకుతాయి. ఉండని కన్నాలు పెట్టిన పీవీసీ గొట్టంలో బిగించి, మేకుతో నేలకి కొట్టండి. వాసన రావాలి, తిండి దొరక్కూడదు. బయట పెడితే మొదటి రాత్రే పోసమ్‌లు (చెట్లెక్కే సంచి జంతువులు) తినేసి, మిగతా రాత్రులన్నీ ఖాళీ ఫొటోలే వస్తాయి. గొట్టం పక్కన 10 సెం.మీ.కి ఒక గీత గీసిన పుల్ల పాతితే పరిమాణం తెలుస్తుంది.

ఒక్కసారికి మూడు ఫొటోలు తీసేలా, ఆలస్యం లేకుండా పెట్టండి. లిథియం బ్యాటరీలు వేయండి, మామూలువి చలికి నీరసించి ఫ్లాష్ మసకబారుతుంది. కనీసం రెండు వారాలు, వీలైతే మూడు వారాలు కదపకుండా ఉంచండి. మండు వేసవిలో ఫలితం తక్కువ. ఆ సెన్సారు ఒంటి వేడికీ పరిసరాల వేడికీ తేడాని పట్టుకుంటుంది, రాత్రి కూడా నేల కాగుతుంటే ఆ తేడా తగ్గి జంతువు ముందునుంచి పోయినా కెమెరా మేలుకోదు. ఫొటో రాలేదు కాబట్టి జంతువు లేదని తేల్చేయకండి.

మస్కీ ర్యాట్ కంగారూ కోసం

కెయిర్న్స్ వెళ్లేవాళ్లకి ఇది సులువైనది, టార్చి అక్కర్లేదు. అథర్టన్ పీఠభూమి మీద లేక్ ఈకమ్, లేక్ బారిన్ సరస్సుల చుట్టూ నడకదారులున్నాయి. తెల్లవారాక మొదటి రెండు గంటలు, జనం రాకముందు వెళ్లండి. అడవి పళ్లు రాలి ఉన్న చెట్టు కింద, దారి మీదే, ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడండి. ఎండుటాకుల్లో పక్షి గెలికినట్టు చప్పుడు వస్తుంది. ముదురు గోధుమరంగు, తోక మీద వెంట్రుకలు లేని నల్లని చర్మం, చిన్న తల. ఇది గెంతదు, నాలుగు కాళ్ల మీద కుందేలులా దూకుతూ పోతుంది. వెనక పాదానికి బొటనవేలు ఉన్న కంగారూ బంధువు ఇదొక్కటే. చాలాసార్లు ఒకేసారి రెండు పిల్లల్ని కంటుంది, మిగతావి ఒక్కదాన్నే. పండు ముంగాళ్లతో పట్టుకుని కొరుకుతుంటే, కొన్ని గింజల్ని మోసుకెళ్లి ఆకుల కింద దాచడం కనపడొచ్చు. తర్వాత మర్చిపోయిన గింజలే మొలుస్తాయి.

రోడ్డు మీద కనపడితే

బండి తగిలి పడి ఉన్న జంతువు చచ్చిపోయినా సంచి చూడాలి. బండి సురక్షితంగా పక్కకి ఆపి, హజార్డ్ లైట్లు వేసి, చేతులకి గ్లవ్స్ తొడుక్కోండి. ఆడదైతే పొట్ట కింద సంచి ఉంటుంది. పొటరూకీ బెట్టాంగ్‌కీ సంచి నోరు తల వైపు తెరుచుకుంటుంది. బాండికూట్‌కైతే వెనక్కి తెరుచుకుంటుంది, తవ్వేటప్పుడు మట్టి లోపలికి పోకుండా. ఏ జంతువో తేల్చుకోవడానికీ ఇది పనికొస్తుంది.

పిల్ల రొమ్ముని నోట కరుచుకుని ఉంటే లాగొద్దు. లాగితే నోరు చీలుతుంది. తల్లితో సహా తువ్వాలులో చుట్టి తీసుకెళ్లండి. విడిగా ఉంటే నూలు గుడ్డ సంచిలో వేసి, మీ చొక్కా లోపల ఒంటికి ఆనించుకోండి, లేదా గోరువెచ్చని నీటి సీసాకి తువ్వాలు చుట్టి పక్కన పెట్టండి. వెంట్రుకలు రాని పిల్ల తన ఒంటివేడి తాను నిలుపుకోలేదు. చీకటి, నిశ్శబ్దం, వెచ్చదనం ఇవ్వండి. ఆవు పాలు పట్టొద్దు, అందులో లాక్టోజ్ దానికి అరగక విరేచనాలై చస్తుంది. నీళ్లూ పట్టొద్దు. పిల్లల చేతికిచ్చి ముద్దు చేయించొద్దు. విక్టోరియాలో వైల్డ్‌లైఫ్ విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్‌లో వైర్స్, పశ్చిమ ఆస్ట్రేలియాలో వైల్డ్‌కేర్ హెల్ప్‌లైన్, టాస్మేనియాలో బొనొరాంగ్ వాళ్లకి ఫోన్ చేయండి. ఈ నెంబర్లు అడవికి బయల్దేరే ముందే ఫోన్లో పెట్టుకోవాలి, అక్కడ సిగ్నల్ ఉన్న చోట వెతుక్కునే సమయం ఉండదు.

కుక్కని వెంట తీసుకెళ్లకండి. నక్కల కోసం చాలా అడవుల్లో 1080 విషం పెట్టిన ఎరలు వేస్తారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో కొన్ని మొక్కల్లో ఆ విషం సహజంగానే ఉంటుంది. తరతరాలుగా ఆ మొక్కలతో బతికిన వాయిలీలాంటి అక్కడి జంతువులు దాన్ని తట్టుకుంటాయి. కుక్క తట్టుకోలేదు.

చూసింది నమోదు చేయడం

తేదీ, వేళ, ఆవాసం, గుంతల కొలతలు, స్కేలుతో ఫొటోలు, జంతువు ఫొటో ఉంటే అదీ కలిపి, చూసిన జీవుల్ని నమోదు చేసే ఐనేచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టండి. ప్రమాదంలో ఉన్న జాతుల కచ్చితమైన చోటుని అది అందరికీ చూపించకుండా దాస్తుంది. వాట్సాప్ గుంపుల్లో, ఫేస్‌బుక్‌లో మాత్రం మ్యాప్ పిన్ పంచొద్దు. ఫొటోలో లొకేషన్ సమాచారం దాగి ఉంటుంది, పంచే ముందు తీసేయండి. ఇంతవరకు ఎవరూ నమోదు చేయని చోట పొటరూనో బెట్టాంగో కనపడిందనుకుంటే, ఆ రాష్ట్ర పర్యావరణ శాఖకి విడిగా రాయండి. గుంత ఫొటో ఒక్కటే ఉంటే జాతి పేరు రాయకుండా "గరాటా గుంత, తాజాది" అని మాత్రమే రాసి, కొలతలు ఇవ్వండి.